సిమెంటు నేలలో గుంత

మామా,

ఎట్లున్నావు? నువ్వు పోయి ఎనిమిది నెలలయింది. ఇల్లు వచ్చాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. ఇల్లు వచ్చింది... నా కోపం అందుకే.

నీకు తెలుగు చదవడం రాదని తెలుసు. నేను తెచ్చిన కరపత్రాలన్నీ మగ్గం పక్కన కూర్చుని నేనే చదివేవాణ్ణి కదా. ఇది కూడా పైకి చదువుకుంటూ రాస్తున్నాను. అత్త పొయ్యి దగ్గర నుంచి వింటోంది.

ఆ దీపావళి వానల్లో మన మట్టిగోడ నీ మీద పడింది. నువ్వు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని లుంగీ నేస్తున్నావు. పీట మీద కూర్చున్నవాడైతే దూకేవాడు. నడుము దాకా భూమిలో ఉన్న మనిషి ఎట్లా దూకుతాడు? ఆ గోడ పొట్ట ఉబ్బిందని మునిసిపాలిటీకి ఎన్నిసార్లు చెప్పుకున్నాం... ఇంటి పన్నుకు వచ్చినవాడు ఆ గోడకే ఆనుకుని రసీదు రాశాడు. "ఆనుకోబాక నాయనా, నువ్వూ గోడా ఇద్దరూ పడతారు" అన్నావు. వాడు నవ్వాడు. నువ్వూ నవ్వావు.

నువ్వు చచ్చాక మునిసిపాలిటీవాళ్లకు సిగ్గేసింది. సగం కట్టి వదిలేసిన ఇళ్ల వరుసను గబగబా ముగించి, నేతవాళ్ల ఇళ్లు అని బోర్డు పెట్టారు. మొదటి ఇల్లు అత్తకే. ఛైర్మన్ శాలువా కప్పి తాళంచెవి ఇచ్చాడు. నేను చప్పట్లు కొట్టాను మామా. మన గుడియాత్తం ఊళ్లో నా అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు.

ఇటుక గోడలు, పెంకుల కప్పు, కింద నున్నటి సిమెంటు. నీ మాటే గుర్తొచ్చింది. "సిమెంటు తరై మీద ఒక్క ఎండాకాలం పండుకోవాల అప్పా. ఈపుకు సల్లగా ఉంటాదంట." ఆ నేల వచ్చింది. పడుకోవడానికి నువ్వు లేవు. మరి మగ్గం ఎక్కడ పెట్టాలి?

నేల తవ్వకూడదట. తవ్విన మరునాడే తాళం వేస్తారట. షరతుల కాగితం అరవంలో గడగడా చదివి అత్త చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఇల్లు కాపురానికే గాని పనికి కాదని ఓవర్సీరు చెప్పాడు. మన ఇంట్లో కాపురం ఏ మూల ఉండేది, పని ఏ మూల ఉండేది? నువ్వు నేస్తుంటే అత్త నూలు కండెలు చుట్టేది, ఆ పక్కనే సంగటి ఉడికేది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీస్తారు వీళ్లు?

నీ మగ్గం ఇప్పుడు కట్టెల మోపులా గోడకు ఆనించి ఉంది. అత్త రోజూ పాత వీధికి నడిచిపోయి, వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేస్తోంది. గుంత లోతు ఎక్కువ. కింద తొక్కే పలకలు అందక ఇటుక రాళ్లు పేర్చుకుంటోంది. నువ్వుంటే ఏమనేవాడివో నాకు తెలుసు. "మీ అత్తను నా గుంతలో దించితే తలకాయ తప్ప ఏమీ అగపడదురా."

వరుసలో సగం మంది తాళంచెవులు తిరిగి ఇచ్చేశారు. ఒక ఇంట్లో గుమాస్తా దిగాడు. ఇంకొక దాంట్లో ఎవరివో బియ్యం మూటలు పెట్టారు. మూటలకు సిమెంటు నేల, మనుషులకు పడబోయే గోడలు. పైగా, ఇళ్లిస్తే నేతవాళ్లే వద్దన్నారని చెప్పుకుంటున్నారు. ఒళ్లు మండదా?

కౌన్సిలు మీటింగుకు పోయాను. ఆంధ్ర వేరే రాష్ట్రమయింది, చిత్తూరు అటు పోయింది, మనం ఇటున్నాం... మధ్యాహ్నమంతా ఏ ఊరు ఎవరిదో అనే గొడవే. బల్లలు గుద్దారు. ఇళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. మా అత్త మగ్గం ఏ రాష్ట్రానికి పోవాలో కూడా తేల్చండి అని వెనక నుంచి అరిచాను. బయటికి నెట్టారు. వేలూరు పోయి పై ఆఫీసులో అర్జీ ఇచ్చాను. అది కౌన్సిలు నేల, కౌన్సిలు ఇష్టం అని పంపేశారు.

అర్జీలో ఏం కోరాను? ఒక గదిలో నేల మట్టిగానే వదలండి అన్నాను. సిమెంటు కూడా మిగులుతుంది. పాత వీధిలో ఉబ్బిన గోడలకు రాతి పునాది కట్టండి, వాననీళ్లు పోయే కాలువ తవ్వండి, అందరూ ఇల్లు మారనక్కర్లేదు అన్నాను. ఈ ఇళ్లకు వేసిన అద్దె నెల మొదటి తేదీన కాదు, లుంగీలు అప్పజెప్పి కూలి తెచ్చుకున్న రోజున తీసుకోండి అన్నాను. కట్టే ముందు ఒక్క నేతగాణ్ణి అడగండి అన్నాను. ఇందులో తప్పేముంది మామా? ఓవర్సీరు దాని నకలు చదవకుండానే మడిచి విసురుకున్నాడు. ఉక్కపోతగా ఉందట.

నిన్న సాయంత్రం అత్త కిటికీ కింద కాళ్లు చాపుకుని కూర్చుంది. సున్నంలో ముంచిన గుడ్డతో కాళ్ల చుట్టూ నేల మీద గీత గీసింది. ఎక్కడైనా గడ్డపార అడిగి తెమ్మంది. ఈ ఇల్లు పోతే తలదాచుకోవడానికి ఆ పాత గోడ కూడా లేదని చెప్పాను. అన్నీ వింది. తాళం వేసేవాళ్లు వంటకు ముందు వస్తారా, తర్వాత వస్తారా అని మాత్రం అడిగింది.

గడ్డపార తెచ్చాను. రేపు పొద్దున తలుపు బార్లా తెరిచి తవ్వుతాను. దొంగతనంగా కాదు. వరుసలో మిగిలినవాళ్లు తామూ తవ్వుతామన్నారు. తవ్వుతారో లేదో... నేనైతే ఆగను. తాళం వేస్తే ఆ తలుపు ముందే కూర్చుంటాను.

ఒక్క మాట. ఈ గుంత అత్త కాళ్ల కొలతకు తవ్వుతున్నాను. నీ కాళ్లకు చాలదు. ఏమనుకోవద్దు మామా.

నీ అల్లుడు