రుక్కమ్మ పెద్దమ్మ వీధిగది

కోదాడ,
12 డిసెంబరు 1949.

గంగాభాగీరథీ సమానులైన రుక్కమ్మ పెద్దమ్మ గారి పాదాలకు, తమరు వీధిలోకి విసిరిన ట్రంకుపెట్టె తాలూకు జానయ్య నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ నేను క్షేమం. పెట్టెకు ఒక మూల సొట్ట పడింది, అంతే. సూర్యాపేటలో తమరూ, తమరి బర్రే, తమరి కోపమూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం పక్కింటి అలివేలు చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా అలివేలూ, పెద్దమ్మ మధ్యమధ్యలో నన్ను తిట్టినా ఆపకుండా చివరిదాకా చదువు. నీకు పుణ్యముంటుంది.

నన్ను పదిహేను రోజుల పనికి ఇక్కడికి పంపారు. ఇండ్లు కొలుస్తున్నాను. పన్ను కోసం కొలిచే మనిషి వస్తున్నాడంటే చాలు, ఊళ్ళో ఇండ్లన్నీ చిన్నవైపోతాయి. నిన్న ఒకాయన రెండు గదుల తలుపులకు అడ్డంగా గడ్డిమోపులు నిలబెట్టి, మాది ఒంటిగది ఇల్లేనండి, వెనకంతా గడ్డేనండి అన్నాడు. అంతలో ఆ గడ్డి వెనకనుంచి ఎవరో తుమ్మారు. గడ్డి తుమ్ముతుందా అని అడిగితే, ఈ ఏడు మంచు ఎక్కువండి, గడ్డికీ పడిశం పట్టిందండి అన్నాడు. నవ్వు ఆపుకోలేక టేపు కింద పడేశాను. వెంటనే మీరు గుర్తొచ్చారు.

ఇక అసలు సంగతి. నాది కచ్చా నౌకరీ అని మీకు తెలుసు. ఇంటిపన్ను అందాజా కట్టేవాళ్ళకు సర్కారు ఇచ్చే సనదు, అదే యోగ్యతాపత్రం, దాని పరీక్ష పాసైతేనే అది పక్కా అవుతుంది, లేకపోతే ఇంటికే. రాతపరీక్ష మిర్యాలగూడలో రాసి గట్టెక్కానంటే అది మీ చలవే. అక్షరం రాకపోయినా ఆ పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చుని నాచేత అప్పజెప్పించుకున్నారు. ఎక్కడైనా తడబడితే, ఆగినవంటే తప్పినట్టే బిడ్డా, మల్ల మొదటికెల్లి చెప్పు అనేవారు. అట్లా ఒక్కో పాఠం నలభైసార్లు చెప్పాను.

రెండో పరీక్ష చేతపని. చీటీలో ఏ ఇల్లు వస్తే ఆ ఇల్లు కొలిచి, కిరాయికి ఇస్తే నెలకు ఎంత వస్తుందో అందాజాగా రాయాలి. పన్ను దాన్నిబట్టే పడుతుంది. నా ఖర్మకొద్దీ చీటీలో మీ ఇల్లే వచ్చింది. వీధిగది కిరాయి ఎంతో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నెలనెలా ఎనిమిది రూపాయలు మీ చేతిలో పెట్టింది నేనే కదా. చీటీ సంగతి ముందురోజే వచ్చి మీకు చెప్పడం నా బుద్ధితక్కువ.

మర్నాటికి నా గది పిడకల కొట్టమైంది. నా మంచం మీద నడుమెత్తు పిడకలు. పరీక్షాధికారి వచ్చి గడపలో నిలబడితే, పరాయి మగవాళ్ళకు మొహం చూపించడం మీకు అలవాటు లేదు కనుక, తలుపు చాటునుంచే మాట్లాడారు. గీ గదిల మనిషెవడుంటడు సారూ, రెండు రూపాయలకిస్తమన్నా ఎలుకలు గూడ రావు అన్నారు. ఆయన దండెం మీది గళ్ళ అంగీ చూపించి ఇది ఎవరిదని అడిగాడు. మా ఆయనది, పోయి పన్నెండేండ్లాయె అని ముక్కు చీదారు. ఆ అంగీ నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి పెద్దమ్మా! పైగా అదే తానులో కుట్టించిన రెండో అంగీ నా ఒంటి మీద ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దగ్గుకుంటూ బయటికి నడిచాడు.

ఆ పరీక్ష అయిన పదిహేనో రోజున మీకు పన్ను నోటీసు వచ్చింది. వీధిగది కిరాయి నెలకు ఎనిమిది అని అందులో ఉంది. గా లెక్క నీకూ నాకూ తప్ప ఇంకెవరికెరుక అని మీరు నన్ను అడిగారు. నేను తల వంచుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవురా అని వాడకట్టంతా వినేటట్టు అరిచి పెట్టె విసిరేశారు. వాసాలు లెక్కపెట్టడమే నా నౌకరీ అని చెప్పబోయి, మీ చేతిలో చీపురు చూసి మానుకున్నాను.

అవును పెద్దమ్మా, ఎనిమిది అని రాసింది నేనే. సర్కారు పని, తప్పలేదు. చలిజ్వరంతో తొమ్మిది రోజులు పడి ఉంటే మీరు కషాయం కాచి తాగించారు, గంజి పోశారు. అటువంటి మనిషి ఉసురు పోసుకున్నానని ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు. క్షమించండి. ఫలితం ఇంకా రాలేదు. పాసై, సనదు పట్టుకుని వచ్చి మీ గడపలో నిలబడతాను. తలుపు తీస్తే చాలు.

ఇట్లు,
తమరు వద్దన్నా తమ బిడ్డననుకునే
జానయ్య.

తాజాకలం, 19 డిసెంబరు.

పెద్దమ్మా, ధైర్యం చాలక ఈ ఉత్తరాన్ని వారం రోజులు జేబులోనే తిప్పాను. ఈలోగా ఫలితం వచ్చింది. నేను తప్పాను. పేర్ల జాబితా అక్కడ సూర్యాపేట బల్దియా ఆఫీసు గోడకు అంటిస్తారు, ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. ఇక దాచి లాభం లేదు. నేను రాసింది ఎనిమిది కాదు, రెండు. ఎనిమిది రాయాలనే కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఆ సంగతి ఫలితానికి ముందే బయటపడితే ఉన్న కచ్చా నౌకరీ కూడా ఊడుతుందని ఆ రోజు మీ ముందు నోరు విప్పలేదు. పైన అబద్ధం రాసిందీ అందుకే.

మరి ఎనిమిది అని ఎవరు చెప్పారంటారా? నిన్న పరీక్షాధికారి ఇక్కడికి తనిఖీకి వచ్చి, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చీటీలు తీయడానికి వారం ముందే, అసలు కిరాయిలు తెలుసుకోవడానికి, ఆయన గది కావాలంటూ జాబితాలోని ఇండ్లన్నీ తిరిగాడట. మన ఇంటికీ వచ్చాడట. గాలి మస్తుగొస్తది, బాయి నీళ్ళు సల్లగుంటయి, ఇప్పుడున్న పిలగాడు ఎనిమిదిస్తుండు, మీరు పదిస్తమంటే వాణ్ణి రేపే ఎల్లగొడత అని మీరు తలుపు చాటునుంచి చెప్పారట. ఆయన మొహం మీరు చూడలేదు, అందుకే రెండోసారి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.

వినగానే కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఆయనా నేనూ చాలాసేపు నవ్వాం. మార్చిలో ఇంకొక్కసారి పరీక్షకు కూర్చోనిస్తానన్నాడు, అదే ఆఖరు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. గది ఎవరికీ ఇవ్వకండి. ఆ పదేదో నేనే ఇస్తాను.