వీధి చెప్పుకి ఉన్ని అడుగు

పూజ్యులైన అమ్మగారి పాదపద్మాలకు, ఆవిడ చెప్పుల కార్ఖానాకు తాత్కాలిక యజమాని అయిన పుత్రరత్నం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కుట్టుమిషన్లూ. పని లేదు గనక అవి నాకన్నా క్షేమం.

నువ్వక్కడికి వెళ్లాక అక్క చేతికి కట్టు విప్పారా? నువ్వడిగినవాటికి జవాబులు: వేళకి తింటున్నాను. తలుపు గొళ్లెం బాగుచేయించాను. విదేశీ ఆర్డరు ఎప్పుడు వెళ్తుందన్నావు. వెళ్లిపోయిందమ్మా. మన దగ్గర్నుంచి కాదు.

ఆ దేశంవాళ్లు దిగుమతి సుంకం పెంచారు కదా. వీధి చెప్పుకి నూటికి నలభై, ఇంట్లో తొడుక్కునేదానికి ఐదే. అడుగున పల్చటి ఉన్నిగుడ్డ అంటిస్తే వీధి చెప్పు కాస్తా ఇంటి చెప్పు అయిపోతుందని మీ తమ్ముడుగారు కనిపెట్టారు. నాలుగడుగులేస్తే ఊడిపోయే గుడ్డ! "చెప్పుకి పెళ్లిచేసి ఇంట్లో కూర్చోబెడతావా మామయ్యా?" అని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. "మోసం చేసి అమ్మేకన్నా మూసేస్తా" అన్నావు. "నీ ఇష్టం అక్కా" అని మామయ్య కాఫీ తాగి లేచాడు.

నిన్న ఊరి చివర మామయ్య షెడ్డుకి వెళ్లాను. ఆర్డరంతా లారీకెక్కింది. పెట్టెలమీద మన కార్ఖానా పేరే. మన కటింగు మాస్టరు అక్కడే, ఉన్నిగుడ్డ అంటించిన చేతులు తుడుచుకుంటూ, నన్ను చూసి జిగురు డబ్బాలోకి తల దించేశాడు. మామయ్య మాత్రం "రా అల్లుడూ, కూర్చో" అని కుర్చీ లాగాడు. ఆ కుర్చీ చూసే ఎక్కువ ఒళ్లు మండింది.

"అమ్మ కార్ఖానా పేరెలా వేశావు?" అన్నాను.

"సంతకం ఉందిగా! తెచ్చిందెవరురా, నువ్వేగా!"

ఇక నవ్వించలేనమ్మా. నువ్వు బస్సెక్కే ముందు కొరియర్ రసీదని సంతకం పెట్టించానే, అది రసీదు కాదు. నీ తరఫున సరుకు పంపే అధికారం మామయ్యకిచ్చే కాగితం. మన కార్ఖానాలోనే కుట్టిద్దాం, ఈ ఒక్క ఆర్డరూ గట్టెక్కితే చాలు, తర్వాత మా అక్కకి నేనే చెప్తా అన్నాడు మామయ్య. నమ్మాను. నువ్వు చదవనైనా లేదు, తెచ్చింది నేను గనక.

అక్కడి సుంకంవాళ్లు ఆ గుడ్డ పీకి చూస్తే దొంగ నువ్వే అవుతావు. అందుకే కొనేవాళ్లకి ఉన్నదున్నట్టు రాసి, ఆ అధికారం రద్దు చేస్తున్నామని ఉత్తరం తయారుచేసి ఇందులో పెట్టాను. అది పంపితే ఆర్డరు పోతుంది, కార్ఖానా కూడా పోవచ్చు. దానికీ నీ సంతకమే కావాలి. నేను పంపానని మాత్రం పెట్టకు. ప్రతి అక్షరం చదువు, అక్కచేత కూడా చదివించు. అప్పుడు పెట్టు.

ఇట్లు,
ఇంకా నీ కొడుకునే అనుకుంటున్న
చిన్నోడు