తోటలో తిప్పొద్దన్నాడు

అన్నయ్యా,

నీ కారు ఇంజిన్ ఇవాళ విప్పించాను. నీ సంవత్సరీకానికి సరుకులు తెద్దామని నూజివీడు వెళ్తుంటే నీలం పొగ కమ్మేసి, వెనకాల వచ్చే ఆటో కూడా కనబడలేదు. వదిన అమ్మేయమంది. నాకు మనసు రాలేదు.

మెకానిక్ మస్తాన్ హెడ్ ఊడదీసి చూపించాడు. పిస్టన్ల తలలు అడుగంటిన పాలగిన్నెల్లా ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే కార్బన్ పెచ్చులుగా లేచింది. రింగులు ఆ మసిలోనే బిగుసుకుపోయాయి. అందుకే ఆయిల్ పైకెక్కి మండుతోందట.

"ఈ బండి అసలు రోడ్డెక్కలేదా ఏంటండీ? ఎప్పుడూ ఫస్ట్ గేర్‌లోనే తిప్పినట్టుంది," అన్నాడు.

మామిడి తోటలో చెట్టు చెట్టుకీ ఆగి, ఇంజిన్ ఆపకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి పూత చూసుకునేవాడివి కదా. అదే చెప్పాను. ఆ రోజుల్లో నిన్ను భోజనానికి పిలవాలంటే ఇంజిన్ చప్పుడు పట్టుకునే వచ్చేవాళ్లం.

"అలా తిప్పితే ఇంజిన్‌కి వేడి చాలదండీ, మసంతా లోపలే ఉండిపోద్ది. సిలిండర్లు బోరు కొట్టి కొత్త రింగులు వేస్తాను. మళ్లీ తోటలో మాత్రం తిప్పొద్దు."

తిప్పనని మాటిచ్చాను.

ఏటా పూత మాడిపోతుంటే ఇక ఆగలేకపోయాం అన్నయ్యా. నీ చిన్న రసాల చెట్లన్నీ కిందటి నెల కొట్టించేశాం. ఇప్పుడక్కడ నడుమెత్తు పామాయిల్ మొక్కలున్నాయి.

మస్తాన్‌కి ఆ సంగతి చెప్పలేదు. ఎండాకాలం తోటకొస్తాను, నాలుగు రసాలు ఉంచమన్నాడు.

సరేనన్నాను.