రెండు మాటల మధ్య నా ఎడమ కన్ను

బాపూ,

చదువుకుని విశ్వాసం పోగొట్టుకున్నానని ఇంట్లో తేల్చేశారు. నేను భయపడుతున్నానని ఒక్కరికీ తోచలేదు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ సమాధికి సున్నం వేయించి వచ్చాం.

నా ఎడమ కంట్లో మెరుపులు వస్తుంటే హన్మకొండలో చూపించుకున్నాను. చుక్కలు వేసి చూసిన డాక్టరమ్మ, రెటీనాకు చిరుగు పడింది, వెంటనే లేజర్ చేయించుకోమంది. అమ్మ ఇంకో డాక్టరుకు చూపించింది. ఆయన చిరుగు లేదు, కాస్త పలచబడింది, కొన్నాళ్లు చూద్దామన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ ప్రార్థన చేసి బైబిలు వాక్యాలు రాసిన వాగ్దాన కార్డుల డబ్బా నా ముందు పెట్టింది. ఒకటి తీశాను. దేవుని కోసం ఓపికతో ఎదురుచూడమని ఉంది.

"చూసినవా బిడ్డా, దేవుడే చెప్పిండు. ఇగ ఫికర్ చెయ్యకు."

"అమ్మా, ఆ డబ్బాల లేజర్ చేయించుకో అనే కార్డు ఒక్కటన్న ఉన్నదా?"

"నోరు జర అదుపుల పెట్టుకో. మీ బాపు ఎన్నడన్న ఇట్ల మాట్లాడిండా?"

నువ్వు అలా మాట్లాడలేదు. నీ కళ్లకూ డాక్టర్లు రెండు మాటలు చెప్పారు, నువ్వూ ఇదే డబ్బాలోంచి కార్డు తీశావు, ఎదురుచూశావు. చివర్లో నా ముఖం చేత్తో తడిమి "సన్నగైనవ్ బిడ్డా" అనేవాడివి. నేను లావయ్యానని చెప్పబుద్ధి కాలేదు.

రెండో డాక్టరు మాటే నిజం కావచ్చు. అయినా రేపు లేజర్ చేయించుకుంటున్నాను. అమ్మ రానంటే ఒక్కదాన్నే పోతాను.