పసుపు రంగు వేసిన పేర్లు

రవన్నా,

నువ్వు చనిపోయాక మన పెద్దపల్లి రైస్ మిల్లులో హమాలీలకు పనులు వేసే షీటు నేనే చూస్తున్నాను. కొత్త హాజరు యాప్ అడిగిందని నీ ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా సేవ్ చేసి, పాతదాన్ని తీసేశాను. ఆ రకం ఫైలులో రంగులు నిలవవట. కొన్ని పేర్లకు నువ్వు వేసిన పసుపు రంగు పోయింది. అందానికి వేశావనుకున్నాను.

నిన్న నేను ఊక దుమ్ములో పనికి వేసిన రాజయ్య దగ్గి దగ్గి కూలబడ్డాడు. "రవి సారు నన్ను గీ దుమ్ములకు ఎన్నడు తోలలే బిడ్డా. నాకు దమ్ము రోగమున్నదని ఆయనకెరుకే" అన్నాడు.

ఇంకా ఎవరెవరికి వేశావన్నా పసుపు? ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నాను. జబ్బుందని చెబితే పనిలోంచి తీసేస్తారని వాళ్ల భయం. "నాకేం ఫికర్ లేదు, మంచిగనే ఉన్న" అంటున్నారు.

ఇవాళ రాజయ్య కూడా అదే అన్నాడు.