చేపల పాఠానికి రెండో సంతకం

జూన్ 3
యూనివర్సిటీ నుంచి మళ్ళీ మెయిల్. దూరవిద్య పాత పాఠాలన్నీ వెబ్‌సైట్లో ఉచితంగా పెడుతున్నారట. ఎవరైనా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు కూడా. రాసినవాళ్ళ సంతకాలు కావాలి. మా ధరల పాఠానికి రెండు — నాదీ, నాతోబాటు క్లాసులు చెప్పిన అప్పల్నాయుడు మాస్టారిదీ. నెలాఖరులోగా అందకపోతే ఆ పాఠం తీసేసి కొత్తది రాయిస్తారు.
తీసేసుకోండి! అనుకున్నాను. మెయిల్ మాత్రం డిలీట్ చెయ్యలేదు.

జూన్ 5
పరవాడ నుంచి నా దూరవిద్య స్టూడెంటు గౌరి ఫోను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసుకుంటూ బి.ఏ. కడుతోంది. "మేడం, అన్ని పాఠాలూ ఫోన్లోకొచ్చీసేయి, సేపల పాఠం రాలేదేటండి? పుస్తకం ఎక్కడా దొరకట్లేదు."
ధరల పాఠాన్ని ధరల పాఠం అన్నవాళ్ళు లేరు, ఆ రోజుల్లోనూ. అందరికీ చేపల పాఠమే.

జూన్ 8, ఆదివారం
అప్పట్లో ఆదివారమొస్తే క్లాసులకి ద్వారకా నగర్ సెంటరే. నైట్ షిఫ్టు దిగి స్టీల్‌ప్లాంటు నుంచి నేరుగా వచ్చేవాళ్ళు... వెనక బెంచీలో కునుకు. నేను గిరాకీ, సరఫరా అంటే ఆవలింతలు. మాస్టారొచ్చి "ఒరే, వంజరం సేప తెల్లారి ఎంత, ఎండెక్కాక ఎంత?" అనేసరికి అందరూ లేచి కూర్చునేవారు.
ఓ రోజు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకి నన్ను లాక్కుపోయారు, వేలంపాట చూపిస్తానని. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీచునీళ్ళలో నేను. పొట్ట పట్టుకుని నవ్వుతూ ఆయన. ఎంత బాగుండేవి ఆ రోజులు!

జూన్ 11
ఇక్కడెవరూ చదవరు కాబట్టి రాస్తాను. పాఠంలో ఉదాహరణలన్నీ మాస్టారివి. వాక్యాలు నావి. రాతప్రతిలో ఆయన పేరే ముందుంది. ప్రూఫుల్లో కిందికి దించింది నేను.
పుస్తకం చేతికొచ్చిన రోజు మాస్టారన్నది — "సేపలు మావి, బుట్ట మీదా మేడం?" అంతే. మరుసటి ఆదివారం నుంచి సెంటరుకి రాలేదు.
ఆయనకి కుళ్ళు అని అందరితో చెప్పాను. ఎంత సిగ్గులేకుండా...

జూన్ 14
మాస్టారికి ఫోన్ చెయ్యలేదు.

జూన్ 17
మళ్ళీ గౌరి ఫోను. సంతకాలు అందక పాఠం ఆగిందన్నాను. "సంతకం ఎట్టనోలు ఎవరు మేడం?" — కనుక్కుంటానని పెట్టేశాను. మాస్టారిని ఇంకా అడగనిది నేనే.

జూన్ 29
సింహాచలం. కొండ కింద మాస్టారిల్లు. గుమ్మంలోనే — "ఏటి మేడం, దారి తప్పీసేరా?" జుట్టంతా తెల్లబడింది. గొంతు అదే.
నా ఫోన్లో పాఠం ఫోటోలు చూపించాను. వేలంపాట దగ్గర ఆగి, "పీతని సూసి కెవ్వుమన్నారు, గుర్తుందేటి?" ఇద్దరం ఒకటే నవ్వు. ఎన్నాళ్ళకి!
ఫారం తీశాను. పేర్ల కోసం రెండు గీతలు, ఒకదాని కింద ఒకటి. "పై గీత మీద పెట్టండి మాస్టారూ... అది మీదే," అన్నాను. పెన్ను అందించాను.
ఆయన కింది గీత మీద పెట్టారు.
"అలవాటైపోనాది మేడం."
క్షమించమని అడగడానికే వెళ్ళాను. కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను.

జూన్ 30
ఆఖరు రోజు. ఆఫీసు అయిదింటి దాకా. పొద్దున్నే గౌరి మెసేజ్ — పరీక్ష వచ్చే వారమట.
పై గీత ఇంకా ఖాళీ.  ముందు క్షమించమన్న మాట మాస్టారితో అనాలి, తర్వాతే నా సంతకం.
మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.
నాలుగుంపావు... ఇంకా ముప్పావుగంట. మళ్ళీ ఆయన నంబరే నొక్కుతున్నాను.