పురుగుమందు పండితుడికి

కల్వకుర్తి,
ఆదివారం

ముద్దుల తమ్ముడు విజేందర్‌కు,

నా ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి రాస్తున్నాను. చదవడానికి పౌరుషం అడ్డొస్తే నీ భార్య భాగ్యశ్రీ చేత చదివించుకుని విను.

అమ్మను నెల రోజులు చిట్యాలలో నీ దగ్గర ఉంచుకుంటానంటే మురిసిపోయి పంపాను. మొన్న తెచ్చి దింపిపోయావు. అప్పటి నుంచి, "ఎవలమ్మా నువ్వు? మా స్వర్ణ యాడికి పోయింది?" అని నన్నే అడుగుతోంది. సంచి విప్పితే మతిమరుపు మాత్రల్లో తగ్గింది ఒక్కటే. భాగ్యశ్రీని నిలదీస్తే చెప్పింది: "గా గోలి పురుగుల మందసోంటిదేనట వదినె. ఫోన్ల చూసి బంద్ చేసిండు."

పురుగుమందుల షాపు పెట్టుకుని ఎంత పండితుడివయ్యావురా. కంపెనీవాళ్లు హోటల్లో బిర్యానీ పెట్టి చెప్పిన పాఠం ఒక్కటి గుర్తుంది నీకు, ఒంట్లో ఫలానా ఎంజైమును ఆపితే పురుగు చస్తుందని. అమ్మ మాత్రా అదే ఎంజైమును ఆపుతుందని కనబడేసరికి డాక్టరువైపోయావు. ఎంత మోతాదు, ఎవరికి అని అడిగే బుద్ధి లేదు. కత్తిపీట వేలు కోస్తుందని కూర తరగడం మానేస్తామా?

డాక్టరమ్మ నీ ముందే చెప్పింది కదా. "ఇది నయమయ్యే జబ్బు కాదమ్మా. మెదడుల కబుర్లు మోసే రసాయనం తక్కువైతాంది. ఉన్నదాన్ని ఒక ఎంజైము ఖతం చేస్తాంది. గీ గోలి దాన్ని జర ఆపుతది, గంతే." జొన్నచేలో పిట్టల్ని తోలే మనిషి గింజ పండించడు, ఉన్న గింజను కాస్తాడు. నువ్వు ఆ మనిషిని వెళ్లగొట్టి చేను పిట్టలకు వదిలేశావు.

ఇక అమ్మ నీ గడప తొక్కదు. నువ్వూ రావద్దు.

నీ అక్క,
స్వర్ణ

కల్వకుర్తి,
దీపావళి మర్నాడు

విజేందర్‌కు,

నీకు బుద్ధి వచ్చిందనుకుని రాయడం లేదు. భాగ్యశ్రీ ఫోన్ చేసి మిగతాది చెప్పింది. నీ దగ్గర మొదటి మాత్ర వేసుకున్న రోజు అమ్మ వాంతి చేసుకుందట, నోటి వెంట నీళ్లు కారాయట. నీ షాపులో కొన్న పురుగుమందే తాగిన రైతు సాయిలు, నీ బండి మీద నీ వీపుకు ఆనుకుని అట్లాగే కక్కుతూ, దవాఖాన చేరకముందే పోయాడు కదా. అది గుర్తొచ్చి, భయపడి మాత్ర ఆపేశావట.

వాంతి అయితే డాక్టరమ్మను అడగాలి. "భయమైతాంది అక్కా" అని ఒక్క మాట నాతో అనాలి. అది నోట్లోంచి రాక ఎంజైముల పాండిత్యం వెలగబెట్టావు.

డాక్టరమ్మ మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. పోయిందంతా తిరిగి రాదంది. నేనెవరో ఇంకా గుర్తు రాలేదు. నిన్న అన్నం కలిపి పెడితే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా విజేందర్ తిన్నడా?"

"నేను స్వర్ణనమ్మా" అన్నాను.

"నువ్వు మంచిదానివే పిల్లా. మావోడు షాపు బంద్ చేసి వస్తడు, వాడికి గూడ పెట్టు."

ఒళ్లు మండింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను. రోజూ మాత్ర వేసేది నేను, గుర్తొచ్చేది నువ్వు. ఆ మాత్రకూ సిగ్గు లేదు.

నీ పేరైనా ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఉండగానే రా. షాపు చొక్కా మార్చుకుని రా, ఆ వాసన నాకు పడదు. అమ్మ పూటపూటా నీకో కంచం పెట్టిస్తోంది. అది తీసి కడగడమూ నా పనే అయింది. వచ్చి తిను.

నీకైనా గుర్తుంటే, అక్క,
స్వర్ణ